మిద్దె మీది టమాటాలకు తానే నీళ్ళు పెట్టే ఏర్పాటు: బెంగళూరు అద్దె ఇంట్లో చేసి చూసినది

డిసెంబరు వచ్చిందంటే నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సంక్రాంతికి ఊరికెళ్తున్నాం, వారం పాటు ఇంటికి తాళం. మిద్దె మీద మొక్కల గతేంటి?" ఏప్రిల్లో మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి పిల్లల సెలవుల పేరుతో. దాని వెనకే ఇంకోటి: "ఏఐతో ఆకు తెగుళ్ళు పట్టేయొచ్చట కదా, అదెలా?" ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పీ చెప్పీ, ఇక అంతా ఒకచోట పెడదామని రాస్తున్నాను.

మాది కె.ఆర్.పురం వైపు అద్దె ఇల్లు. మిద్దె మీద 12 అంగుళాల గ్రోబ్యాగులు 14, ఎక్కువ భాగం టమాటా. సొంతూరు మదనపల్లె దగ్గర కాబట్టి వేరే పంట మీదికి మనసు పోదు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. ఊళ్ళలో బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించేవాళ్ళు, గుర్తుందా? కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. చేను తడిసిందో లేదో దానికి పట్టదు. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, రాత్రీ పగలూ తోడితే బోర్లు ఎండిపోతాయని ఆ స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. కుళాయికి టైమరు బిగించడం కూడా ఆ బాపతే. వాన పడుతున్నా ఆరింటికి నీళ్ళు వదులుతుంది. మనం చేయబోయేది మట్టిని చూసి వదిలే ఏర్పాటు. అందుకే ఇందులో సగం శ్రమ మట్టి దగ్గరే ఉంటుంది. చాలామంది ఆ సగం వదిలేసి నేరుగా వైర్ల దగ్గరికి పోతారు, వారానికల్లా "పని చేయట్లేదండీ" అంటారు.

కావలసినవి

- ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి (సెన్సర్ చదివి పంపుకు ఆజ్ఞ ఇచ్చే, వైఫై ఉన్న చిన్న కంప్యూటరు)
- కెపాసిటివ్ రకం మట్టి తేమ సెన్సర్లు రెండు. రెండు లోహపు కాళ్ళ ఫోర్కులా ఉండే చవక రకం వద్దు. దాని కాళ్ళ మధ్య మట్టిలో నేరుగా కరెంటు పారుతుంది, కొన్ని వారాల్లో కాళ్ళు తినేసుకుపోతాయి
- 3.3 వోల్టుల సంకేతానికి పనిచేసే రిలే (బోర్డు చెప్పినట్టు పంపును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి)
- 12 వోల్టుల చిన్న పంపు, దానికి తగ్గ అడాప్టరు
- 200 లీటర్ల నీలం డ్రమ్ము, మూతతో సహా
- డ్రిప్ పైపు, బ్యాగుకొక డ్రిప్పరు (గంటకు 4 లీటర్ల రకం), ఒక ఫిల్టరు
- వాన నీరు దూరని ప్లాస్టిక్ డబ్బా, గోళ్ళ రంగు సీసా
- సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు. ఇది మాత్రం మరవొద్దు

ఎలక్ట్రానిక్స్ సామాను ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది. చిక్కపేట మెట్రోలో దిగి నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పెట్టుకోండి. సెన్సర్ కొనేటప్పుడు దాని మీది చిన్న చిప్పు ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. టీఎల్‌సీ555 అని ఉంటే తీసుకోండి. ఎన్‌ఈ555 అని ఉంటే అది 3.3 వోల్టులకు సరిగా పనిచేయదు, అంకెలు ఎటో పోతాయి. షాపువాడు రెండూ ఒకటే అంటాడు.

ఈ తలనొప్పంతా వద్దు, మొక్కలు నాలుగే అంటారా? పూత లేని మట్టి కుండ చిన్నది తెచ్చి, మూతి పైకి కనబడేలా బ్యాగులో పాతి, నీళ్ళు నింపి మూత పెట్టండి. గోడల్లోంచి ఊరుతూ కొన్ని రోజులు వేళ్ళకు తడి అందిస్తుంది. నాలుగు రోజుల ప్రయాణానికి నేనైతే ఇప్పటికీ ఇదే చెబుతాను.

1. నీళ్ళు ఎక్కడివో ముందు తేల్చుకోండి

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకూ కార్లు కడగడానికీ వాడితే 5,000 రూపాయల జరిమానా అంది. ఆ వేసవి ఇక్కడున్నవాళ్ళకు ట్యాంకరు కోసం ఎదురుచూపులు గుర్తే ఉంటాయి. కాబట్టి కావేరి కుళాయిని డ్రిప్పుకు తగిలించే ఆలోచన మానుకోండి. వాన నీరు డ్రమ్ములో పట్టండి. బియ్యం కడిగిన నీళ్ళు డ్రమ్ములో పోయకండి, పులిసి పైపుల్లో జిగురు కడుతుంది. అవి చేత్తో పోసేయడమే మంచిది. ఆర్‌ఓ యంత్రం వదిలేసే నీళ్ళలో ఉప్పు ఎక్కువ. వాడితే సగానికి పైగా మామూలు నీరు కలపండి.

ఇప్పుడు లెక్క. ఒక బ్యాగుకు కింద నుంచి కారేదాకా నీళ్ళు పోసి, కారడం ఆగాక త్రాసుకు తగిలించండి. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు అదే వేళకు మళ్ళీ తూచండి. నీళ్ళు లీటరంటే కిలో, కాబట్టి తగ్గిన బరువే మొక్క వాడుకున్న నీరు. నాకు డిసెంబరులో 17.4 కిలోల బ్యాగు రెండు రోజుల్లో 15.6కి దిగింది. అంటే రోజుకు 0.9 లీటరు. పద్నాలుగు బ్యాగులకు 12.6 లీటర్లు, డ్రమ్ము పదిహేను రోజులు వస్తుంది. ఎండాకాలం కాపు మీదున్న మొక్క లీటరున్నర దాకా లాగుతుంది, అప్పుడు డ్రమ్ము తొమ్మిది రోజులే. మీ అంకె మీరే తూచుకోండి, నాది వాడొద్దు.

2. సెన్సరుకు గోళ్ళ రంగు వేయండి

నవ్వకండి. సెన్సర్ పలక అంచుల్లోంచి తేమ లోపలికి పాకి అంకెలు నెమ్మదిగా జారిపోతాయి. అంచులన్నింటికీ రెండు పూతలు వేసి ఒక రాత్రి ఆరనివ్వండి. పలక మీద గీత ఒకటి ఉంటుంది, దాని పైభాగం మట్టిలోకి పోకూడదు. పైన ఉన్న చిప్పు భాగాన్ని వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టంతో కప్పండి.

3. సెన్సరుకు మీ మట్టి నేర్పండి

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా.

ఈఎస్‌పీ32 సెన్సర్ చదివి 0 నుంచి 4095 మధ్య ఒక అంకె ఇస్తుంది. ఈ రకం సెన్సర్లలో ఎండు మట్టికి పెద్ద అంకె, తడి మట్టికి చిన్న అంకె. దీన్ని తలకిందులుగా రాసుకుని, మొక్క తడిసిన కొద్దీ ఇంకా నీళ్ళు పోసినవాళ్ళు నాకు తెలిసి ఇద్దరున్నారు.

వీడియోల్లో చెప్పేది ఏమిటంటే, సెన్సర్ గాలిలో పట్టుకుని ఒక అంకె, నీళ్ళ గ్లాసులో ముంచి ఒక అంకె రాసుకోమని. అది సెన్సర్ బతికే ఉందని చూసుకోడానికి పనికొస్తుంది, అంతే. మీ మొక్క గాలిలోనూ లేదు, గ్లాసులోనూ లేదు. ఇలా చేయండి:

బ్యాగు నిండుగా తడిపి, కారడం ఆగాక నాలుగైదు గంటలు వదిలి, సెన్సర్ గుచ్చి అంకె రాసుకోండి. అది "నిండు". అప్పుడే బరువు కూడా తూచండి. తర్వాత నీళ్ళు పోయకుండా రోజూ పొద్దున అంకె, బరువు, వేలు మాట మూడూ రాయండి. వేలు మాటంటే, రెండు కణుపుల లోతు వేలు పెడితే తడి తగిలిందా లేదా అని. వేలికి పొడిగా తగిలి, పొద్దున పూటే లేత ఆకులు కొంచెం వాలినట్టు కనబడిన రోజు అంకె "దాహం". ఈ రెంటి మధ్యను వందగా పంచండి: నిండు 100, దాహం 0. నీళ్ళు మొదలుపెట్టే గీత 40 దగ్గర పెట్టుకోండి.

మా నాయన ఇది చూసి, "వేలు పెట్టి చూసేదానికి ఇంత యంత్రం ఎందుకు?" అన్నాడు. ఊరికెళ్ళినప్పుడు వేలు కూడా నాతోనే వస్తుంది కదా నాయనా అన్నాను.

ఎక్కువమంది చేసే తప్పులు: ఎర్రమట్టిలో తీసిన అంకెల్ని కోకోపీట్ (కొబ్బరి పొట్టు) బ్యాగుకు వాడటం (రెండూ వేరు, మళ్ళీ చేయాల్సిందే). సెన్సరును డ్రిప్పర్ కిందే గుచ్చడం. దాన్ని ఊపి ఊపి గుచ్చడం వల్ల చుట్టూ సందు ఏర్పడటం. సందులో గాలి ఉంటే తడి మట్టి కూడా ఎండుగా కనబడుతుంది. స్కేలుతో ముందు గాటు పెట్టి, సెన్సర్ దించి, చుట్టూ మట్టి నొక్కండి.

4. వైర్లు

సెన్సర్ సంకేతం వైరును 32 నుంచి 39 లోపు పిన్నుల్లో పెట్టండి. ఏడీసీ2 (సంకేతాన్ని అంకెగా మార్చే రెండో భాగం) కిందికి వచ్చే పిన్నులు వైఫై నడుస్తుంటే చదవవు. "వైఫై ఆన్ చేయగానే సెన్సర్ చచ్చిపోయింది" అనే ప్రశ్నకు పదింట తొమ్మిదిసార్లు జవాబు ఇదే. రిలేకు మాత్రం 34 నుంచి 39 వాడకండి, అవి చదవడానికే తప్ప ఆజ్ఞ ఇవ్వడానికి పనికిరావు.

పంపుకు కావలసిన కరెంటు ఈఎస్‌పీ32 నుంచి తీసుకోవద్దు. 12 వోల్టుల అడాప్టరు వేరుగా పెట్టండి.

హెచ్చరిక: 230 వోల్టులు మిద్దె మీదికి రాకూడదు. అడాప్టరు ఇంట్లో ప్లగ్గుకే ఉండాలి, పైకి 12 వోల్టుల వైరు మాత్రమే వెళ్ళాలి. ఆ ప్లగ్గు ఉన్న లైనుకు, కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మే నెల సాయంత్రం వానలు ఎలా కొడతాయో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు.

కొన్ని రిలేలు తలకిందులు రకం, సంకేతం ఆగితే ఆన్ అవుతాయి. పంపు తగిలించే ముందు బోర్డుకు కరెంటు తీసి ఇచ్చి పదిసార్లు చూడండి. బోర్డు లేచే క్షణంలో రిలే టక్కుమని ఆన్ అవుతుంటే పిన్ను మార్చండి.

5. ప్రోగ్రాములో ఉండాల్సిన నియమాలు

ఆర్డుయినోలో (ఈ బోర్డుకు ప్రోగ్రాము రాసే సాఫ్ట్‌వేర్) రాసుకున్నా, ఏదైనా ఏఐ సహాయకుడితో రాయించుకున్నా పరవాలేదు. రాయించుకుంటే ఈ నియమాలు ఒక్కొక్కటీ ఉన్నాయో లేవో మీరే చూడాలి:

- పది నిమిషాలకోసారి చదవాలి. ఒక్క చదువు నమ్మకుండా పదిహేను తీసి, చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పెట్టి, మధ్యది పట్టుకోవాలి.
- రెండు సెన్సర్లూ గీత కిందికి వస్తేనే పంపు. రెంటికీ పొంతన లేకపోతే పంపు వద్దు, ఫోనుకు కబురు.
- పంపు ఐదు నిమిషాలు నడిచి ఆగాలి. అరగంట తర్వాత మళ్ళీ చదవాలి. "తడిసేదాకా నడుపు" అని ఎప్పుడూ రాయొద్దు. పైన పోసిన నీరు సెన్సర్ దగ్గరికి దిగేసరికి కింద నుంచి కారిపోతుంటుంది.
- రోజుకు ఐదు విడతలు దాటకూడదు, ఏమైనా సరే.
- అంకె 0 లేదా 4095 వస్తే, లేదా గంటలో అసాధ్యంగా మారితే, వైరు తెగిందని అర్థం. పంపు వద్దు.

నాలుగో నియమం నాకు ఎలా వచ్చిందంటే, మొదటిసారి ఒకే సెన్సర్ పెట్టాను. కోతి పీకిందో కాకి పీకిందో, సెన్సర్ బయటపడి గాలిలో వేలాడింది. గాలంటే "ఎండు" కదా. పంపు డ్రమ్మంతా తోడి పోసింది. మిద్దెకు అవతలి వైపు ఓనరమ్మ ఆరబెట్టుకున్న సండిగెలు (వడియాలు) తేలాయి. ఆమె ఏమన్నదో రాయను, కన్నడలో అంత ధారాళంగా నాకు రాదు.

6. పైపులు, సీసాల పరీక్ష

డ్రిప్పర్ మీద రాసిన "గంటకు 4 లీటర్లు" అనేది సుమారు 1 బార్ ఒత్తిడికి, అంటే పది మీటర్ల ఎత్తు నీటికి. చిన్న పంపుతో అంత రాదు. కాబట్టి ఒక్కో డ్రిప్పర్ కింద ఒక్కో సీసా పెట్టి పది నిమిషాలు నడిపి కొలవండి. రాసినంత ఒత్తిడి ఉంటే 667 మి.లీ. రావాలి. మీకు 350 వచ్చినా నష్టం లేదు, విడత సమయం పెంచుకుంటే సరి. అన్ని సీసాలూ దాదాపు సమానంగా ఉండటం ముఖ్యం. ఏదైనా ఒకటి మిగతావాటిలో సగమే ఉంటే అది పూడుకుపోతున్నట్టు. ఇక్కడి బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. పూడినవాటిని నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి కడగండి. ఈ సీసాల పరీక్ష నెలకోసారి చేయండి.

పంపు బలమైనదైతే ఇంకో ఇబ్బంది, పైపు అతుకులు ఊడిపోతాయి. టీ ఆకారపు పైపు అతుకు ఒకటి పెట్టి మిగులు నీరు డ్రమ్ములోకే తిరిగి పడేలా చేయండి.

డ్రమ్ము బ్యాగుల కన్నా ఎత్తులో ఉంటే, పంపు ఆగాక కూడా నీళ్ళు పారుతూనే ఉంటాయి. పెట్రోలు నోటితో పీల్చి గొట్టంతో దించుతారే, అదే సంగతి. మందు చిన్నది: డ్రమ్ము లోపల, నీటి మట్టానికి పైన ఉండే పైపు భాగంలో 2 మి.మీ. బెజ్జం పెట్టండి. పంపు ఆగగానే అందులోంచి గాలి దూరి ధార తెగుతుంది.

"పంపెందుకు, పైనున్న సింటెక్స్ ట్యాంకుకే కరెంటు వాల్వు పెడితే?" అని కూడా అడుగుతారు. మామూలుగా దొరికే ప్లాస్టిక్ సోలెనాయిడ్ వాల్వు తెరుచుకోవాలంటే దాదాపు రెండు మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడైనా కావాలి. మీ ట్యాంకు అంత ఎత్తులో ఉంటే సరే. లేకపోతే టక్‌మని శబ్దం వస్తుంది, నీళ్ళు రావు.

7. పంపు లేకుండా మూడు రోజులు

పంపు వైరు పీకేసి, యంత్రాన్ని మాత్రం నడవనివ్వండి. "ఇప్పుడు పంపు వేసేవాడిని" అని అది రాసుకున్న ప్రతి వేళా మీరు వేలు పెట్టి చూడండి. వేలికి తడి తగులుతుంటే గీత దించండి. మధ్యాహ్నం మాత్రమే పంపు అడుగుతుంటే సెన్సర్ మీద ఎండ పడుతోందని అనుమానించండి, నీడ కల్పించండి. యంత్రం, వేలు, త్రాసు మూడూ ఒకే మాట చెప్పాకే పంపు తగిలించండి.

8. ఆకుల ఫోటోలు

తెగులు గుర్తించడానికి సులువైనది ప్లాంటిక్స్ యాప్, తెలుగులో ఉంది. ఫోటో తీస్తే పేరు చెబుతుంది. చెప్పింది అనుమానంగానే తీసుకోండి, తీర్పుగా కాదు. ఎందుకో ఒక లెక్క చెబుతాను. 2016లో ప్లాంట్‌విలేజ్ సేకరణలోని 54,306 ఆకు ఫోటోలతో, 14 పంటలు, 26 తెగుళ్ళ మీద ఒక ఏఐకి శిక్షణ ఇస్తే, అదే సేకరణలో పక్కన పెట్టిన ఫోటోల మీద 99.35 శాతం సరిగా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే 31.4 శాతానికి పడిపోయింది. ఆ సేకరణలో ఆకులు ఒక్కొక్కటిగా ఒకే రకం బల్ల మీద పెట్టి తీసినవి. మీ మిద్దె బల్ల కాదు.

మీ మొక్కలకే సొంతంగా ఒకటి తయారు చేయాలనుంటే గూగుల్ వాళ్ళ టీచబుల్ మెషీన్ చాలు, ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. నాలుగు పెట్టెలు పెట్టుకోండి: బాగున్న ఆకు, ఆకుముడత, పాముపొడ (ఆకు మీద తెల్లని వంకర గీతలు), ఇవేవీ కానిది. నాలుగోది వదిలేస్తే చెప్పును చూపించినా ఏదో ఒక తెగులు చెబుతుంది. పెట్టెకు వంద ఫోటోలైనా ఉండాలి, పొద్దునా సాయంత్రం, ఎండలో నీడలో, వేర్వేరు మొక్కలవి. నేను మొదట బాగున్న ఆకులన్నీ పొద్దున, ముడతవన్నీ ఆఫీసు నుంచి వచ్చాక తీశాను. అది నేర్చుకున్నది తెగులు కాదు, వెలుతురు. సాయంత్రం ఏ ఆకు చూపినా ముడతే అంది.

పరీక్షించడానికి, శిక్షణకు అసలు వాడని రెండు మొక్కల నుంచి పెట్టెకు ఇరవై ఫోటోలు పక్కన దాచండి. ఒకే ఆకును వరుసగా నొక్కి తీసిన ఫోటోల్లో సగం నేర్పడానికి, సగం పరీక్షకు వాడితే అది కాపీ కొట్టి రాసిన పరీక్ష. ఇరవైలో పదిహేను కూడా రాకపోతే ఇంకా ఫోటోలు కావాలి.

యాప్ ఏది చెప్పినా మందు కొట్టే ముందు ఇవి చూడండి:

కాయ అడుగు నల్లగా కుళ్ళితే అది చాలాసార్లు తెగులే కాదు. నీళ్ళు ఒకరోజు వరద, నాలుగు రోజులు కరువు అన్నట్టు పెడితే కాయకు కాల్షియం అందక అలా అవుతుంది. మందు డబ్బాకు కాదు, సెన్సర్ రికార్డుకు పని.

మొక్క వాలిపోయింది, సెన్సరేమో 85 అంటోంది. నీళ్ళు పోయకండి. కాండం కోసి గాజు గ్లాసులోని నీళ్ళలో వేలాడదీయండి. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి ధార దిగితే బాక్టీరియా వడలు తెగులు. ఆ బ్యాగు మట్టితో సహా తీసేయండి, పక్క బ్యాగులో పోయొద్దు. వచ్చేసారి విత్తనానికి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చే అర్క రక్షక్ చూడండి, ఆకుముడతనూ ఈ వడలు తెగులునూ తట్టుకునేలా చేసిన రకం.

ఆకుముడత అంటే ఆకు వెనక్కి తిప్పి తెల్లదోమ ఉందో చూడండి. పసుపు జిగురు అట్టలు కట్టి, ప్రతి ఆదివారం అదే దూరం నుంచి ఫోటో తీసి దోమలు లెక్కపెట్టండి. ఏఐతో లెక్కపెట్టిస్తే మొదటి నెల మీరూ లెక్కపెట్టి పోల్చండి. అంకె పెరుగుతుంటే లీటరుకు 5 మి.లీ. వేప నూనె, కొంచెం సబ్బు నీళ్ళతో, సాయంత్రం పూట. పెరగకపోతే ఏమీ కొట్టకండి.

9. ఊరికెళ్ళే ముందు

బయల్దేరడానికి వారం ముందే, మీరు ఇంట్లో ఉండగానే, మూడు రోజులు మొక్కల్ని ముట్టుకోకుండా యంత్రానికే వదిలి, నాలుగో రోజు రెండు బ్యాగులు తూచండి. అంకె 40 దగ్గరున్నప్పుడు మీరు రాసుకున్న బరువుకు అటూఇటూ కిలోలో ఉంటే నిశ్చింతగా వెళ్ళొచ్చు. డ్రమ్ము నింపండి, ఫిల్టరు కడగండి, మూత గట్టిగా బిగించండి, దోమలు గుడ్లు పెట్టే చోటు అదే. వైఫై పోతే కూడా పంపు నడిచేలా ప్రోగ్రాము ఉందో చూడటానికి ఒక పూట రూటరు ఆపండి.

ఆఖరున, తాళం చెవి ఒకటి కింది ఇంట్లో ఇచ్చి, ఏ ప్లగ్గు పీకాలో దానికి ఎర్ర రిబ్బను కట్టి చూపించండి. మా ఓనరమ్మకు ఇప్పుడు ఆ రిబ్బను బాగా తెలుసు, సండిగెలు ఆరేసే ముందు ఓసారి చూసుకుంటుంది.